దేవుడి తరఫున నేను రాసిన చీట్లు

ఆ కబురు మొదట మా ఇంటికి మోసుకొచ్చింది గాజుల మస్తానమ్మ. అనుమసముద్రంపేటలో దర్గా ముందర ఆమెకు చిన్న అంగడి ఉండేది. జనం బాగా వచ్చే రోజుల్లో అక్కడే కూర్చుని అమ్మేది. మిగతా రోజుల్లో గంప నెత్తిన పెట్టుకుని ఆత్మకూరు మొదలు మా ఉదయగిరి దాకా ఊరూరా తిరిగేది. గాజులతోపాటు కబుర్లూ తెచ్చేది. గాజులైతే చేతి కొలత చూసి ఇచ్చేది గాని, కబుర్లకు ఆ పట్టింపు లేదు. ఎవరి చేతికైనా పట్టేటట్టు పెద్దవి చేసే తెచ్చేది.

ఆమెను నేను తప్పు పట్టడం లేదు. ఆమె తెచ్చింది కబురు మాత్రమే. దాన్ని అందుకుని ఒక మనిషి నడుమును జన్మంతా వంచి పెట్టిన ఘనత పూర్తిగా నాది. ఆ ఘనకార్యం ఎలా చేశానో ఇప్పుడు చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. నాకూ వస్తుంది. కాకపోతే నవ్విన ప్రతిసారీ, చివర్లో, వేపాకు నమిలినట్టుంటుంది.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు మనుషుల్ని, పశువుల్ని ఊడ్చిపెట్టుకుని పోయి, బహుధాన్య వచ్చింది. పేరులో ఉన్న ధాన్యం గాదెల్లోకి ఇంకా రాలేదు. నేను కాపరానికొచ్చి రెండేళ్ళు. మా నాయన ఆత్మకూరు కచేరీ అరుగు మీద కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టేవాడు. ఆడపిల్లను బడికి పంపితే ఊరు నవ్వుతుందని, ఇంట్లోనే, ఆయన పారేసిన కాగితాల వెనక వైపు నాకు అక్షరాలు దిద్దించాడు. ఆ పుణ్యాత్ముడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆయన నాకు రాయడం నేర్పాడు. ఏది రాయకూడదో నేర్పడం మరిచిపోయాడు, అంతే.

మా అత్తవారింట్లో ఇంకెవరికీ అక్షరం రాదు. మా బావగారు కచేరీ కాగితం మీద గీత గీసేవారు, మా ఆయన ఆ గీత పక్కన ఇంకో గీత గీసేవారు. ఏ కాగితం వచ్చినా నేనే చదవాలి, ఏ జవాబు పోయినా నేనే రాయాలి. నేను చదివిందే కాగితంలో ఉన్నట్టు. పదిహేడేళ్ళ పిల్ల చేతికి అంత అధికారం ఇస్తే, తాసిల్దారు కూడా నా ముందు పేడ ఎత్తే మనిషిలా కనిపించేవాడు.

ఇక ఓబులమ్మక్క. మా బావగారి భార్య, నాకు తోటికోడలు. నాకన్నా ఏడేళ్ళు పెద్ద. కరువులో ఇంట్లో గింజ లేకపోతే, సర్కారువారు వేయించే బాట పనికి పోయి రాళ్ళు మోసింది. నేనూ వస్తానంటే పోనివ్వలేదు. "కొత్త పిల్లవు, నీకింకా ఎముకలు గట్టిపడలా" అని నన్ను గడప లోపలే ఉంచి, తన ఎముకలు తీసుకుని తను పోయింది. ఆమె తెచ్చిన కూలి గింజలు కాచుకుని ఇంటిల్లిపాదీ తాగాం. ఆ గంజిలో పెద్ద గిన్నె నాకే వచ్చేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

ఆ రాళ్ళు మోసిన నాటి నుంచి అక్క నడుము చెడింది. రెండు మూడు నెలలకోసారి వెన్నుపూస జారేది. చీపురు అందుకోబోయి వంగిన మనిషి వంగినట్టే ఆగిపోయేది, సగం తెరిచి వదిలేసిన తలుపులాగా. పిర్రలోంచి మడమ దాకా ఎవరో కాలిన తీగ లాగుతున్నట్టు ఉండాదమ్మీ అనేది. పది రోజులు నువ్వుల నూనె, ఇసుక మూటల కాపడం. పదకొండో రోజు లేచి కడవ ఎత్తుకునేది. మళ్ళీ రెండు మూడు నెలలకు చీపురు, తలుపు, కాలిన తీగ.

ఆ కడవ సంగతి కూడా చెప్పాలి. కరువుకు ఊళ్ళో బావులన్నీ ఎండి, ఒక్క దిగుడుబావిలో అట్టడుగున నీళ్ళు మిగిలాయి. డెబ్బై రెండు మెట్లు. దిగేటప్పుడు డెబ్బై రెండే, ఎక్కేటప్పుడు ఎన్నో నాకు తెలియదు, ఎప్పుడూ మధ్యలోనే లెక్క తప్పేది. అక్క నడుము బాగున్న రోజుల్లో ఇద్దరం పంచుకునేవాళ్ళం. ఆమె మంచాన పడితే అన్నీ నావే.

అటువంటి రోజుల్లో ఒకనాటి పొద్దున మస్తానమ్మ గంప దించి, గాజుల సంగతి పక్కన పెట్టి మొదలుపెట్టింది.

"ఆత్మకూరులో దొర వైద్యుడు ఉండాడు తల్లీ. కరువు కూలీల కోసరం వేసిన ఆసుపత్రి పాకలోనే ఉండాడు. మర్రిపాడు నుంచి ఒకాయన్ని మంచం మీద మోసుకొచ్చినారు, నడుం లేవక. ఏందో మందు వాసన చూపించి నిద్రపుచ్చి, వీపు కోసి, లోపలుండేదంతా సర్ది కుట్టేసినాడంట. రెండు నెలలు తిరక్కముందే ఆయన తన మంచం తనే నెత్తిన పెట్టుకొని మర్రిపాడుకు నడిచి పొయినాడు."

"లోపలుండేదంతా సర్దడానికి మనిషి వీపేమన్నా అటకా" అంది మా అత్త.

అక్క మాత్రం మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నది, మోచేతి మీద కాస్త లేచింది. ఆ మనిషి చెప్పులు వేసుకుని నడిచాడా, వట్టి కాళ్ళతో నడిచాడా అని అడిగింది. మస్తానమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, కిర్రు చెప్పులని చెప్పింది.

ఆ వారం మా ఇంట్లో వేరే మాట లేదు. మా అత్త పక్షం వాత. కొండ కింద కోటయ్య అని, పశువులకు వాతలు పెట్టేవాడు, మనుషులకు కూడా పెడతాడు. లేవని ఎద్దును వాతలు పెట్టి నిలబెట్టాడని ఆయనకు పేరు. ఆ ఎద్దు కథ మా అత్త రోజుకు రెండుసార్లు చెప్పేది. ఒకసారి అక్క మెల్లిగా, "నొప్పి తగ్గిందో లేదో ఆ ఎద్దు చెప్పలేదు గదత్తా" అంది. మా అత్త ఆ పూట ఎద్దును వదిలిపెట్టింది.

మా బావగారు ఎటూ తేల్చలేదు. ఆయన చెప్పులు తొడుక్కునేటప్పుడు కూడా ఏ కాలు ముందు పెట్టాలా అని కాసేపు నిలబడే మనిషి. మా ఆయన అన్న ఎటంటే అటు. అన్న ఎటూ అనడు గనక ఆయనా ఎటూ లేడు. ఇరుగుపొరుగు వచ్చి కూర్చుని, వీపు కోయించుకుని చచ్చిపోయిన మేనమామను తలా ఒకణ్ణి తయారు చేసుకుని చెప్పిపోయారు. అంతమంది మేనమామలు చనిపోయిన వారం ఉదయగిరిలో కరువులో కూడా లేదు.

అక్క మనసు ఏమిటో అడిగింది ఎవరూ లేరు. నేను అడిగాను, అంతవరకు నన్ను మెచ్చుకోండి. నాలుగు రోజులకు అక్క లేచి కూర్చోగలిగింది. నాతోపాటు బావి దాకా నడిచొచ్చి మొదటి మెట్టు మీద కూర్చుంది. నేను రెండో కడవ తెచ్చి దించి, రొప్పుతూ, కత్తంటే నీకు భయం లేదా అన్నాను.

"ఎందుకుండదు? ఉండాది. కానీ అమ్మీ, వంగిన కాడ యాడ ఆగిపోతానో అని రోజూ బయపడతా బతికే దానికన్నా, ఒక్కసారి గట్టిగా బయపడి తేల్చుకోవడం మేలు గదా. నేను పోవాలనే ఉండా. పైకి చెప్పలా. కోడలు తనకు తానే ఆత్మకూరు పొయ్యి పడుకుంటానంటే బాగుంటుందా?"

ఆమె పోతే మా అత్త కూడా తోడు పోవాలి. కోసిన తర్వాత నెలకు పైగా అక్కడే ఉంచుతారని మస్తానమ్మ చెప్పింది. అంటే రెండు బర్రెలు, వంట, ఇద్దరు మగవాళ్ళు, డెబ్బై రెండు మెట్లు, నలభై రోజులు, నేనొక్కదాన్ని. ఈ లెక్క నేను బావి గట్టునే వేసుకున్నాను, అక్క మొహం చూస్తూనే.

చివరికి బావగారికి ఒక ఉపాయం తట్టింది. స్వామి ముందర చీట్లు వేద్దామన్నారు.

మా ఇంట్లో ఏ మాట తేలకపోయినా నరసింహస్వామి గూటి ముందు చీట్లు వేయడం వాడుక. ఎడమ ఎద్దును అమ్మాలా, కుడి ఎద్దునా అనే దగ్గర నుంచి అన్నిటికీ అదే. నేను రాకముందు ఒక ఆకుకు పసుపు, ఒక ఆకుకు కుంకుమ పూసి మడిచి పెట్టేవారు. పసుపైతే ఔను, కుంకుమైతే కాదు. కళ్ళున్న ప్రతివాడికీ తెలిసే పద్ధతి. నేను కాపరానికొచ్చి, ఇదేం మోటుతనమని నవ్వి, కాగితం మీద రాయడం మొదలుపెట్టి దాన్ని నాగరికం చేశాను. దాంతో దేవుడి మాట ఇంట్లో ఒక్కరికే తెలిసే మాట అయింది.

ఆ పూట అందరూ స్నానాలు చేసి కూర్చున్నారు. నేను కాగితం, కలం, మసి సిరా తెచ్చుకుని గోడ పక్కకు తిరిగాను. అక్క నా వెనక నుంచి, "నువ్వు రాస్తా ఉండావు గదా, నాకింక దిగుల్లేదు" అంది. సరిగ్గా ఆ మాటే అంది. నేను కల్పించి చెప్పడం లేదు. కల్పించేదాన్నయితే ఇంత ఘాటుగా పెట్టను.

ఒక చీటీ మీద 'కోయించు' అని, ఒకదాని మీద 'వద్దు' అని రాయాలి. చిన్న మాట గదా అని ముందు 'వద్దు' రాశాను. సిరా ముంచాను. అక్కడ చెయ్యి ఆగింది. ఆగిన చెయ్యి వెనక రెండు కారణాలు నిలబడ్డాయి. ఒకటి, అక్క కత్తి కింద చచ్చిపోతుందని భయం. ఇది నలుగురిలో చెప్పుకోదగిన కారణం, ఇన్నేళ్ళుగా దీన్ని ఉతికి ఆరేసి మడత పెట్టి ఉంచుకున్నాను. రెండోది ఆ మెట్లు. ఏది ముందు నిలబడిందో, ఏది దాని వెనక దాక్కున్నదో దీపం ముందు కూర్చున్నప్పుడు నాకు తెలుస్తుంది, మీకు చెప్పను.

రెండో చీటీ మీద కూడా 'వద్దు' అని రాశాను. మొదటిదానికన్నా గుండ్రంగా, ముచ్చటగా వచ్చింది.

మడిచి, పూలు చల్లి, గూటి ముందు పెట్టాను. మా అత్త కళ్ళు మూసుకుని, స్వామిని తలుచుకుని, చాలాసేపు చెయ్యి అటూ ఇటూ తిప్పింది. ఆ తిప్పడం చూస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. ఎటు తిప్పినా ఒకటే గదా. పైకి భక్తితో పెదవులు కొరుక్కున్నాను. ఆమె ఒకటి తీసి ఇచ్చింది. నేను విప్పి, దేవుడి మాట చదివే గొంతు ఒకటి నాకు వేరే ఉండేది, ఆ గొంతుతో చదివాను: వద్దు.

అందరూ దణ్ణం పెట్టారు. అక్క కూడా పెట్టింది. కొంచెం ఆలస్యంగా.

అప్పుడు మా బావగారు, జన్మలో మొదటిసారిగా ఏ తటపటాయింపూ లేకుండా ఒక మాటన్నారు. "రెండోది కూడా ఒకసారి చూద్దాం, ఊరికే."

ఏం చెప్పాలో నేనింకా ఆలోచించుకోలేదు. నోరు మాత్రం నా కోసం ఆగలేదు.

"వద్దు బావగారూ, తప్పు. స్వామి మాట చెప్పినాక రెండోది విప్పితే, ఆయన మాట మీద నమ్మకం లేనట్టు. మా నాయన చెప్పినాడు."

పాపం మా నాయన. అలాంటి మాట ఆయన చెవిన కూడా పడి ఉండదు. ఇప్పటికీ మా ఇంట్లో చీట్లు వేస్తే రెండోది విప్పరు. నా మనవరాలు మొన్న తన ఆడబిడ్డను ఈ విషయంలో గట్టిగా మందలించింది. ఎందుకు విప్పకూడదని అడిగితే శాస్త్రం అంటుంది. ఆ శాస్త్రం ఎక్కడ పుట్టిందో తెలిసిన మనిషిని ఇంక నేనొక్కదాన్నే మిగిలాను.

"అయితే ఆ రెండూ నాకియ్యండి" అంది అక్క. "నా గురించి స్వామి చెప్పిన మాట గదా, ఉంచుకుంటా." ఇవ్వనంటే ఏమని అనను? తీసుకుని తన కుంకుమ భరిణెలో పెట్టుకుంది. పెట్టుకోనీలే, ఆమెకు చదవడం రాదు గదా అనుకున్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. దేవుడు వద్దన్నాడు, ఇంక నువ్వుల నూనె, ఇసుక మూట, ఎప్పటి బతుకు అప్పటిది. మా అత్త లేచి కొంగు దులుపుకుని, "పెద్దోడా, కొండ కింద కోటయ్యకు కబురు పెట్టు" అంది.

"అత్తా, స్వామి వద్దన్నాడు గదా" అన్నాను.

"దొర కత్తిని వద్దన్నాడు. కోటయ్యను వద్దన్నాడా?"

"అయితే దానికి వేరే చీట్లేద్దాం."

"ఒక్క నడుముకు స్వామిని ఎన్నిసార్లు లేపుతావే?"

మా అత్తను కూడా నేను తప్పు పట్టను. నేను దేవుడి చేత సగం మాట చెప్పించాను. మిగతా సగం ఆమె పూర్తి చేసింది.

కోటయ్య రావడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ నిజం చెప్పేద్దామని నిద్ర లేచేదాన్ని. మా అత్త ముందు నిలబడి నోరు తెరిచేదాన్ని. అందులోంచి "మజ్జిగ పొయ్యమంటారా" అని వచ్చేది. ఆ నాలుగు రోజుల్లో మా అత్త తాగినంత మజ్జిగ జన్మలో తాగలేదు.

వాతల సంగతి నేను నవ్విస్తూ చెప్పలేను, మన్నించండి. ఐదు పెట్టాడు. నేను తలవైపు కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. కేక పెట్టలేదు. పళ్ళ మధ్య గుడ్డ ఉంది, మూడోదాని తర్వాత దాన్ని తీసి, "ఎన్ని అయినాయి అమ్మీ" అని అడిగింది. అయిపోయినాయక్కా అన్నాను. అప్పటికి నా నోట నిజం రావడం మానేసింది.

ఆ పుళ్ళు చీము పట్టాయి. నొప్పి పోలేదు, దానికి తోడు ఇంకో నొప్పి వచ్చి చేరింది. వెల్లకిలా పడుకోలేదు, పక్కకు తిరగలేదు. మూడు నెలల పైగా బోర్లాగానే పడి ఉన్నది. నలభై రోజుల చాకిరీ తప్పించుకోబోయిన నా తెలివికి నూరు రోజులు చాకిరీ దొరికింది. పొద్దున ఆరు కడవలు, సాయంత్రం నాలుగు. ఎక్కేటప్పుడు మెట్లు లెక్కపెట్టడం నాకు వచ్చేసింది. మెట్టుకొకసారి 'వద్దు' అనుకుంటూ ఎక్కేదాన్ని, అలా లెక్క తప్పేది కాదు.

ఒకరోజు ఆకులు మార్చి కట్టు కడుతుంటే అక్క అంది: "నేల చూసి చూసి నేలకు కూడా నా మీద విసుగొచ్చింది అమ్మీ. ఆ అక్షరాలేందో నాకు కూడా నేర్పగూడదా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. చేసిన పాపానికి ఇంతకన్నా ప్రాయశ్చిత్తం ఏముంది? ఆమె తల మంచం అంచు దాటి వచ్చేటట్టు పడుకునేది. కింద నేల మీద నేను బూడిద పరిచేదాన్ని. ఆమె చెయ్యి కిందికి వేలాడేసి వేలితో రాసేది. నేను పొయ్యి దగ్గర నుంచి వచ్చి చూసి, తప్పులు దిద్ది, బూడిద చదును చేసి పోయేదాన్ని. ఎంత శ్రద్ధ, ఎంత త్వరగా పట్టుకునేది. గుణింతాలయ్యాయి, ఒత్తులు మొదలుపెట్టాను. నా గొప్పతనానికి నేనే మురిసిపోతున్నాను. భరిణె సంగతి ఒక్కసారైనా నాకు తట్టలేదు. నూరేళ్ళు కూర్చుని ఆలోచించినా ఇంత తెలివితక్కువ ప్రాయశ్చిత్తం ఇంకొకరికి దొరకదు.

ఈలోగా మస్తానమ్మ మళ్ళీ వచ్చింది. అక్కను చూసి గంప దించడం మరిచిపోయి అలాగే నిలబడింది. ఆత్మకూరు ఎందుకు పోలేదని అడిగింది. దేవుడు వద్దన్నాడని మా అత్త చెప్పింది.

"ఎందుకన్నాడో" అంది మస్తానమ్మ, చతికిలబడి. "ఆ మర్రిపాడు ఆయనకు వీపులో పెద్ద గడ్డంట తల్లీ. గడ్డ కోసినాడు, నడుం కాదు. నేనే సరిగ్గా వినలా. మొన్న మా పేటామె ఒకతె పూస జారి పోతే దొర కత్తి ముట్టనే లేదు. గట్టి చెక్క మీద నలభై రోజులు పండుకోబెట్టి, కడవ ముట్టుకోవద్దు, వంగవద్దు అని చెప్పి పంపించినాడు. ఆమె ఇప్పుడు నిక్షేపంగా తిరుగుతా ఉండాది."



"అంటే ఉత్త పడుకోవడమేనా వైద్యం?" అంది అక్క, నేల వైపే చూస్తూ. "పని చెయ్యకుండా?"

"అంతేనంట."

"మన ఇండ్లలో అది జరిగే పనా" అంది మా అత్త. వెటకారంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టుగా. దొర పాకలో కత్తి ఉందని మేమందరం వారం రోజులు కొట్టుకున్నాం. అక్కడ ఉన్నది ఒక చెక్క, నలభై రోజుల విశ్రాంతి. మస్తానమ్మ ఆ రోజు అక్కకు ఒక జత నల్ల గాజులు ఊరికే తొడిగిపోయింది. అవి మోచేతి దాకా జారాయి.

అది జరిగిన వారానికి అక్క నన్ను పిలిచింది. నేను పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. కింద బూడిద చదునుగా ఉన్నది. దాని మీద రెండు కాగితం ముక్కలు, మడతలు సాపు చేసి, పక్కపక్కన. భరిణె తెరిచి ఉన్నది.

అక్క వేలు పెట్టి, నేను నేర్పినట్టే, అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

"ఇది వ. ఇది ద కింద ద ఒత్తు, కొమ్ము. వద్దు." వేలు రెండోదాని మీదికి జరిగింది. "ఇదీ వ. ఇదీ ద కింద ద ఒత్తు, కొమ్ము." తల కొంచెం పైకెత్తి నన్ను చూసింది. "సరిగ్గా చదివినానా?"

నేను ఆమెకు పంతులమ్మను. ఏం చెప్పమంటారు?

"సరిగ్గానే చదివినావక్కా."

"దేవుడికి ఒక్క మాటే వచ్చునని నాకు ఇన్నాళ్ళూ తెలీలా" అంది.

నేను ఆ బూడిదలోనే కూలబడ్డాను. ఎందుకు రాసినావని అడిగింది. నువ్వు చచ్చిపోతావని బయపడ్డానక్కా అన్నాను. ఆమె ఏమీ అనకుండా ఊరుకుంది. ఆ ఊరుకోవడం ముందు నేను నిలవలేకపోయాను. మెట్లక్కా అన్నాను. నీళ్ళు మోయలేక అన్నాను. కరువులో నా బదులు రాళ్ళు మోసిన మనిషితో ఆ మాటన్నాను.

చాలాసేపటికి, "రెండోది నిజం" అంది. ఇంకాసేపటికి, "మొదటిది కూడా నిజమేలే" అంది. ఆ తర్వాత, "పో, పాలు పొంగతా ఉండాయి" అంది.

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. మా అత్త నన్ను తిట్టిన తిట్లన్నీ నేను ఇంకో దానికి జమ వేసుకుని, తృప్తిగా, తలొంచుకుని పడ్డాను.

అక్క ఎవరికీ చెప్పలేదు. నన్ను క్షమించానని కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు, దేవుడినే అడిగాను. లేచి తిరిగింది గాని నడుము మళ్ళీ నిటారు కాలేదు. వీపు మీద ఆ ఐదు గీతల దగ్గర ఎవరో పట్టి కిందికి లాగుతున్నట్టే, పోయేదాకా ఇరవై ఎనిమిదేళ్ళు, ఎప్పుడూ నేల మీద ఏదో వెతుక్కుంటున్న మనిషిలా నడిచింది. కడవ మాత్రం మళ్ళీ ఆమె చేతికి పోనివ్వలేదు. నేను చేసిన మంచి పని అదొక్కటే, దానికి నన్ను మెచ్చుకోకండి.

ఒక మార్పు మాత్రం వచ్చింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎప్పుడు చీట్లు వేసినా రాసింది ఓబులమ్మక్కే. "పెద్దకోడలిని, నేను రాస్తా" అని కలం నా చేతిలోంచి తీసుకుంది. రాసి, మడిచే ముందు రెండు చీట్లనూ రెండు చేతుల్లో పట్టుకుని, నడుము ఎంత లేస్తే అంత లేపి, కూర్చున్నవాళ్ళందరికీ తిప్పి చూపించేది. చదవడం రాని మా బావగారికి కూడా చూపించేది.

"అందరూ చూసుకోండి. దేవుడికి రెండు మాటలు వచ్చునో రావో."

అది ఆమె వేళాకోళమని ఇంటిల్లిపాదీ ప్రతిసారీ పడి పడి నవ్వేవారు. ఎద్దులకు, సంబంధాలకు, నా కొడుకు చదువుకు, ఇరవై ఎనిమిదేళ్ళు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు గదా.

కనుక దీపం సాక్షిగా, పొయ్యి సాక్షిగా, ఆ డెబ్బై రెండు మెట్లు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక నా ఊపిరున్నంత కాలం దేవుడి తరఫున ఒక్క అక్షరం కూడా రాయను. ఆయనకు చెప్పవలసిందేమైనా ఉంటే ఆయనే నేర్చుకుని రాసుకోవాలి. బూడిద కావాలంటే మా ఇంట్లో బోలెడుంది.

చదివినవారిని ఒక్కటే కోరుకుంటున్నాను. నన్ను మరిచిపోండి, నేను మరిచిపోదగిన దాన్నే. ఎప్పుడైనా కిందున్నదేదో అందుకోవడానికి వంగి, అందుకుని, మామూలుగా నిలబడినప్పుడు, ఆ నిలబడిన క్షణంలో ఒక్కసారి మా ఓబులమ్మక్కను తలుచుకోండి.